వ్యత్యాసానికి చోటెక్కడ? నెట్‌వర్క్ పరికరాల కాన్ఫిగరేషన్ టెంప్లేట్ల ఎంపికపై ఒక సమీక్ష

ఒక సంస్థ ఆధీనంలో ఉండి, కేంద్రం నుంచి పర్యవేక్షణకూ మార్పులకూ అందుబాటులో ఉండే రౌటర్లు, స్విచ్‌లు, వైఫై యాక్సెస్ పాయింట్లు, ఫైబర్ తీగ చివర అమర్చే ఓఎన్‌టీ పెట్టెలు మొదలైనవాటిని నిర్వహిత నెట్‌వర్క్ పరికరాలు అంటారు. అలాంటి పరికరం ఏ చిరునామాతో మాట్లాడాలో, ఏ పోర్టును ఎవరికి ఇవ్వాలో, ఎవరిని లోపలికి రానివ్వాలో చెప్పే ఆదేశాల మొత్తమే దాని కాన్ఫిగరేషన్. వందల పరికరాలకు ఈ ఆదేశాలను విడివిడిగా చేత్తో రాయకుండా, అన్నింటికీ ఉమ్మడిగా ఉండే భాగాన్ని ఒక్కసారి రాసి, పరికరాన్నిబట్టి మారే విలువల స్థానంలో ఖాళీలు ఉంచితే అది టెంప్లేట్ అవుతుంది. ఆ టెంప్లేట్లను ఎలా విభజించాలి, వాటిలో నిండే విలువలు ఎక్కడ భద్రపడాలి, తయారైన ఆదేశాలు పరికరంలోకి ఏ దారిలో చేరాలి, చేరిన తర్వాత చెదరకుండా ఎలా నిలవాలి అనేవి ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రశ్నలు. వీటన్నింటి కింద ఉన్న మూల ప్రశ్న ఒక్కటే: ఒక చోటికీ మరో చోటికీ మధ్య ఉండే వ్యత్యాసాన్ని ఎక్కడ రాయాలి?

ఇది మహానగరాల డేటా సెంటర్లకు చెందిన సమస్యగా తోచినా, దాని అసలు కష్టం ఆర్మూర్ వంటి ఊళ్లలోనే బయటపడుతుంది. డేటా సెంటర్‌లోని స్విచ్‌లు చాలావరకు ఒకే కప్పు కింద, ఒకే కంపెనీకి చెంది, ఒకే దఫాలో కొన్నవై ఉంటాయి. నిజామాబాద్ జిల్లాలో 44, 63 నంబర్ల జాతీయ రహదారులు కలిసే ఆర్మూర్ చుట్టుపక్కలనైతే మున్సిపల్ కార్యాలయం, తహసీల్దారు కార్యాలయం, బ్యాంకు శాఖలు, బడులు, ఆసుపత్రులు, గ్రామ పంచాయతీలు, మార్కెట్ యార్డు వేటికవే వేరు భవనాలు. వాటిలోని పెట్టెలు వేర్వేరు సంవత్సరాల్లో, వేర్వేరు టెండర్ల కింద వచ్చినవి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అవి వాటంతటవే తిరిగి లేవాలి. లేవకపోతే జిల్లా కేంద్రం నుంచి సాంకేతిక సిబ్బంది సుమారు 25 కిలోమీటర్లు రావాలి.

పైగా ఈ ప్రాంతంలో నెట్‌వర్క్ ఆగితే బేరం ఆగుతుంది. జాతీయ వ్యవసాయ మార్కెట్ అనే ఈ-నామ్ వ్యవస్థ 2016 ఏప్రిల్ 14న మొదలైనప్పుడు తొలి 21 మార్కెట్లలో నిజామాబాద్ యార్డు ఒకటి. ఆర్మూర్, బాల్కొండ ప్రాంతాల రైతులు తెచ్చే పసుపు గేటు వద్ద నమోదై, లాటు సంఖ్య పొంది, నమూనా పరీక్షకు వెళ్లి, ఖరీదుదార్ల ఆన్‌లైన్ బిడ్లకు నిలబడి, తూకమై, చెల్లింపు దాకా వెళ్లే క్రమంలో ప్రతి మెట్టుకూ ఒక కంప్యూటర్, దాని వెనక ఒక స్విచ్ ఉంటాయి. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైన తర్వాత ఈ సమాచార మార్గాలపై ఆధారపడటం పెరిగేదే తప్ప తగ్గేది కాదు.

నేల మీద ఉన్న అమరిక

టెంప్లేటు ఎంపిక నెట్‌వర్క్ ఆకృతినిబట్టి ఉంటుంది కనుక గ్రామాల ఫైబర్ చరిత్రను కొంత చూడాలి. గ్రామ పంచాయతీలను ఫైబర్‌తో కలిపే జాతీయ ప్రణాళికను కేంద్ర ప్రభుత్వం 2011 అక్టోబరులో ఆమోదించింది; తర్వాత దానికి భారత్‌నెట్ అనే పేరు వచ్చింది. తొలి దశలో ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సి-డాట్ రూపొందించిన జీపాన్ పరిజ్ఞానం వాడారు. జీపాన్‌లో బ్లాకు కేంద్రంలోని ఓఎల్‌టీ అనే పెద్ద పెట్టె నుంచి బయలుదేరిన ఒక ఫైబర్, మధ్యలో కరెంటు అవసరం లేని చీలికల ద్వారా అనేక ఓఎన్‌టీలకు చేరుతుంది. కిందికి సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు, పైకి 1.25 గిగాబిట్ల సామర్థ్యాన్ని ఆ కొమ్మ మీది పెట్టెలన్నీ పంచుకుంటాయి. రెండో దశ తెలంగాణలో రాష్ట్ర ప్రభుత్వం ద్వారా సాగింది. మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలను వేసే ఆలోచనతో టీ-ఫైబర్ రూపుదిద్దుకుంది. 2023 ఆగస్టులో సుమారు 1.39 లక్షల కోట్ల రూపాయల అంచనాతో ఆమోదం పొందిన సవరించిన భారత్‌నెట్, చెట్టు కొమ్మల ఆకృతిని విడిచి వలయాకృతిని ఎంచుకుంది. వలయంలో ఒకచోట తీగ తెగినా రాకపోకలు రెండోవైపు నుంచి సాగుతాయి.

ఈ మార్పు టెంప్లేటు స్వభావాన్నే మారుస్తుంది. జీపాన్‌లో ఓఎన్‌టీకి దాదాపు సొంత బుద్ధి ఉండదు. దాని అమరికను ఓఎంసీఐ అనే నియంత్రణ మార్గం గుండా ఓఎల్‌టీయే పంపుతుంది. అందువల్ల వందల గ్రామాల టెంప్లేటు నిజానికి ఓఎల్‌టీలో ఉండే కొన్ని లైన్ ప్రొఫైళ్లు, సర్వీస్ ప్రొఫైళ్ల రూపంలోనే ఉంటుంది. వలయంలోని రౌటరుకు మాత్రం తన పొరుగు ఎవరో, వలయంలో తన స్థానమేదో, ఏ దారి తెగితే ఏ దారి పట్టాలో తెలియాలి. అక్కడ ప్రతి పరికరం సొంత కాన్ఫిగరేషన్ కోరుతుంది. టెంప్లేట్లలో నిర్లక్ష్యానికి ఇంతకు ముందున్న వెసులుబాటు ఉండదు.

ఆదేశాల నుంచి నమూనాల దాకా

నెట్‌వర్క్ నిర్వాహకులు చాలాకాలం పరికరంలోకి లాగిన్ అయి ఆదేశాలను టైపు చేశారు, లేదా నోట్‌ప్యాడ్‌లో దాచుకున్న పాత కాన్ఫిగరేషన్‌ను పేరూ చిరునామా మార్చి అతికించారు. 1988లో ప్రమాణంగా వచ్చిన ఎస్‌ఎన్‌ఎంపీ అనే పరికర నిర్వహణ పద్ధతి ఈ పనిని తీరుస్తుందని ఆశించారు గాని, అది పరికరాల ఆరోగ్యాన్ని చదవడానికి ఉపయోగపడినంతగా వాటిని మార్చడానికి ఉపయోగపడలేదు. 2002 జూన్‌లో ఇంటర్నెట్ ఆర్కిటెక్చర్ బోర్డు నిర్వాహకులనూ ప్రమాణాల రూపకర్తలనూ ఒకచోట కూర్చోబెట్టి జరిపిన సమావేశం, మరుసటి ఏడాది ఆర్‌ఎఫ్‌సీ 3535గా వెలువడిన దాని నివేదిక ఈ రంగంలో కీలకమైన మలుపు. రాసి పెట్టిన కాన్ఫిగరేషన్‌ను పరికరంలో క్షణక్షణం మారే స్థితి నుంచి వేరుగా చూపాలని, రెండు కాన్ఫిగరేషన్ల మధ్య తేడాను సులువుగా పోల్చగలగాలని, ఒక పరికరాన్ని కాక మొత్తం నెట్‌వర్క్‌ను దృష్టిలో ఉంచుకుని మార్పు చేయగలగాలని నిర్వాహకులు అందులో కోరారు. ఇరవై ఏళ్లు దాటినా ఏ టెంప్లేటు విధానాన్ని బేరీజు వేయడానికైనా ఇంతకంటే మంచి కొలబద్ద రాలేదు.

ఆ కోరికల నుంచి 2006లో నెట్‌కాన్ఫ్ అనే మార్పిడి పద్ధతి, 2010లో యాంగ్ అనే నమూనా భాష వచ్చాయి. యాంగ్ నమూనా అంటే పరికరం ఏయే విలువలను, ఏ రకంలో, ఏ హద్దుల్లో అంగీకరిస్తుందో ముందే చెప్పే పట్టిక. 5000వ వీలాన్‌ను సృష్టించమని అడిగితే, వీలాన్ సంఖ్యలు 4094తో ముగుస్తాయి కనుక, ఆ పొరపాటు పరికరాన్ని చేరకముందే పట్టుబడుతుంది. వీలాన్ అంటే ఒకే స్విచ్‌ను విడివిడి స్విచ్‌లుగా పనిచేయించే విభజన. ఇళ్లలోని బ్రాడ్‌బ్యాండ్ పెట్టెల కోసం 2004లో వచ్చిన టీఆర్-069 మరో శాఖ. అందులో పెట్టె తానే కేంద్ర సర్వర్‌ను పలకరించి తన అమరికను అడిగి తెచ్చుకుంటుంది. వీటికి సమాంతరంగా, ప్రమాణాల కోసం ఆగలేని ఇంజనీర్లు జింజా అనే టెంప్లేటు భాషనూ, 2012లో వచ్చిన ఆన్సిబుల్ వంటి సాధనాలనూ చేపట్టి సాదా పాఠ్యంతోనే చాలా దూరం వచ్చారు. చిన్న జిల్లా బృందాలకు నేటికీ ఎక్కువగా అందుబాటులో ఉన్నది ఈ చివరి దారే, దాన్ని తక్కువ చేసి చూడటం తగదు.

విభజన ఎలా?

మొదటి పద్ధతి ప్రతి పరికరానికీ పూర్తి ప్రతిని ఉంచుకోవడం. ఇది టెంప్లేటు కాదు, భద్రపరచడం మాత్రమే. పరికరం పిడుగుకు కాలిపోతే మరోదానిలో అదే ప్రతిని నింపవచ్చు గాని, కాలం చూపే సర్వర్ చిరునామా మారిన రోజున వందల ఫైళ్లను దిద్దాలి. అయినా ఏమీ లేనిచోట మొదటి మెట్టు ఇదే కావాలి, ఎందుకంటే ఉన్నదేమిటో తెలియకుండా ఉండవలసినదాన్ని రాయలేరు.

రెండో పద్ధతి అన్నింటికీ ఒకే మహా టెంప్లేటు. వ్యత్యాసం నిజంగా లేనిచోట ఇది చక్కగా పనిచేస్తుంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయడంతో నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచినప్పుడు, ప్రతి పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లను ఒక కంట్రోల్ యూనిట్‌కు జోడించవలసి వచ్చింది. ఓటింగ్ యంత్రాలు ఏ నెట్‌వర్క్‌కూ కలవవు గాని, ఆర్మూర్‌లోనైనా బోధన్‌లోనైనా పేర్లూ వాటి వరుసా ఒక్కటే కనుక ఒకే మూస సరిపోయిన సందర్భంగా అది గుర్తుంచుకోదగ్గది. నెట్‌వర్క్ పరికరాలకు ఆ అదృష్టం లేదు. మహా టెంప్లేటులోకి మొదట 'ఇది పంచాయతీ అయితే' అనే షరతు చేరుతుంది, తర్వాత 'ఫలానా కంపెనీ స్విచ్ అయితే', ఆపైన 'ఫలానా ఊరు తప్ప'. కొన్నేళ్లకు ఒక పరికరానికి చివరికి ఏ ఆదేశాలు వెళ్తాయో చదివి చెప్పగలవారు ఉండరు. టెంప్లేటులో ఊరి పేరు కనిపించిన రోజున ఆ టెంప్లేటు విఫలమైందనే గ్రహించాలి.

మూడోది పాత్రలనుబట్టి పొరలుగా విభజించడం, ఈ సమీక్ష సమర్థించేదీ దీన్నే. యార్డులో పసుపు కొమ్మునూ మండనూ వేర్వేరు రాశులుగా పోసేది వాటి ధర వేరు కనుక. అలాగే పరికరాలను వేరుచేయవలసింది అవి చేసే పనినిబట్టి గాని అవి ఉన్న ఊరినిబట్టి కాదు. అడుగు పొరలో ప్రతి పరికరానికీ తప్పనివి ఉంటాయి: నిర్వాహకుల ప్రవేశం, గడియారం, పరికరంలో జరిగినవాటిని నమోదుచేసే లాగ్‌లు వెళ్లే చోటు. కంప్యూటర్ భద్రతా వ్యవహారాలు చూసే సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాలు సంస్థలు తమ వ్యవస్థల గడియారాలను జాతీయ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల కాలంతో, లేదా వాటితో సరిపోలే మూలంతో కలపాలనీ, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలనీ, ఘటనలను ఆరు గంటల్లో తెలియజేయాలనీ కోరాయి కాబట్టి, ఈ పొర సాంకేతిక సౌకర్యమే కాదు, చట్టపరమైన బాధ్యత కూడా. రెండో పొర పాత్రది: వలయపు రౌటర్, కార్యాలయపు స్విచ్, బహిరంగ వైఫై. మూడో పొర ఆ చోటికి మాత్రమే చెందిన విలువలది, అందులో ఆదేశాలు ఉండకూడదు, విలువలే ఉండాలి.

పాత్రలు ఎన్ని ఉండాలనేది లెక్కతో తేలదు. మార్కెట్ యార్డునే తీసుకుంటే గేటు నమోదు, నమూనా పరీక్ష గది, తూకం, కార్యాలయం అనే నాలుగు పనులకు నాలుగు పాత్రలు సృష్టించాలనిపిస్తుంది. కాని స్విచ్ దృష్టిలో అవన్నీ కొన్ని నమ్మకమైన కంప్యూటర్లు, కొన్ని ప్రింటర్లు మాత్రమే. వాటిని ఒకే పాత్రగా ఉంచి, ఏ పోర్టు ఏ వీలాన్‌కు చెందుతుందో విలువల్లో రాస్తే చాలు. రైతులకూ ఖరీదుదార్లకూ తెరిచిన వైఫై మాత్రం తప్పక వేరు పాత్ర కావాలి, ఎందుకంటే అక్కడ కలిసే ఫోన్లు ఎవరివో తెలియదు, అవి తూకపు యంత్రాన్ని చూడకూడదు. నమ్మకం మారే చోట కొత్త పాత్ర, అంకె మాత్రమే మారే చోట కొత్త విలువ అనుకుంటే విభజన చాలావరకు తేలిపోతుంది.

ఇక కంపెనీల భిన్నత్వం. ప్రభుత్వ కొనుగోళ్లలో నిర్ణీత లక్షణాలు తీర్చినవారిలో తక్కువ ధర వేసినవారికే టెండరు దక్కుతుంది కనుక ప్రతి దఫాలో కొత్త కంపెనీ పెట్టెలు రావడం సహజం. దీనికి విరుగుడు విలువలను ఏ కంపెనీ భాషలోనూ రాయకపోవడమే. 'ఏడో పోర్టు, తూకం వీలాన్, ప్రింటరు' అని తటస్థంగా రాసి ఉంటే, దాన్ని ఆయా కంపెనీల ఆదేశాలుగా మార్చే టెంప్లేటు ఒక్కటే కొత్తగా రాయాలి. పెద్ద సంస్థలు కలిసి రూపొందించిన ఓపెన్‌కాన్ఫిగ్ నమూనాల ఉద్దేశమూ ఇదే అయినా, చవక స్విచ్‌లలో వాటికి మద్దతు అరుదు కనుక ఈ తటస్థతను జిల్లా బృందం తన ఫైళ్లలోనే సాధించుకోవాలి.

విలువల మూలం

టెంప్లేటు ఎంత చక్కగా ఉన్నా దానిలో నిండే విలువ తప్పైతే తప్పు కాన్ఫిగరేషన్ ఎంతో క్రమశిక్షణతో అన్నిచోట్లకూ చేరుతుంది. విలువలకు ఒకే అధికారిక మూలం ఉండాలని అందరూ అంటారు గాని, ఆ మూలంలో పరికరానికి ఏ పేరు పెట్టాలన్న దగ్గరే చాలా ప్రణాళికలు తడబడతాయి. తెలంగాణలో ఒకే పేరున్న ఊళ్లు అనేకం, ఒకే ఊరి పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో పలురకాలుగా రాయడం మామూలు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీ ప్రతి గ్రామ పంచాయతీకీ ఒక సంకేత సంఖ్యను ఇస్తుంది. పరికరం పేరుకు ఆ సంఖ్యే పునాది కావాలి, ఊరి పేరు వివరణగా మాత్రమే ఉండాలి.

ఐపీ చిరునామాల పంపకం మరింత జాగ్రత్త కోరుతుంది. జిల్లాకు ఒక అంకె, మండలానికి ఒక అంకె చొప్పున కేటాయించి, చిరునామా చూడగానే ఊరు తెలిసేలా చేయడం చూపుకు ముచ్చటగా ఉంటుంది. అయితే 2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31కి పెరిగాయి, ఆ రోజే నిజామాబాద్ నుంచి కామారెడ్డి విడివడింది, 2019లో జిల్లాల సంఖ్య 33కు చేరింది. కొత్త మండలాలు, కొత్త పంచాయతీలు ఇంకా అనేకం. రెవెన్యూ సరిహద్దును చిరునామాలో బిగించిన టెంప్లేటు ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో అబద్ధమైపోతుంది. ఫైబర్ మాత్రం జిల్లా మారినందుకు తన దారి మార్చుకోదు. అందువల్ల చిరునామా ఫైబర్ వలయాన్ని అనుసరించాలి, జిల్లా మండలం అనేవి మార్చుకోదగిన విలువలుగా పక్కన ఉండాలి.

పాస్‌వర్డులనూ తాళపు సంఖ్యలనూ టెంప్లేటులో గాని విలువల ఫైలులో గాని బాహాటంగా రాయరాదు. వాటిని వేరే భద్ర స్థానంలో ఉంచి, ఆదేశాలు తయారయ్యే క్షణంలోనే కలపాలి.

చేరవేత, నిలుపుదల

కేంద్రం నుంచి పరికరంలోకి నెట్టడమా, పరికరమే వచ్చి అడిగి తీసుకోవడమా అనే చర్చలో రెండు పక్షాలకూ బలముంది. పంచాయతీ కార్యాలయపు పెట్టె కేంద్రం నెట్టే సమయానికి కరెంటు లేక ఆగి ఉండవచ్చు కనుక, కొత్త పెట్టెలు తొలిసారి లేచినప్పుడు తామే అడిగి తెచ్చుకునే పద్ధతి ఈ ప్రాంతానికి అనుకూలం. స్థానిక ఉద్యోగి తీగలు కలిపితే చాలు, లాగిన్ అవసరం ఉండదు. వలయపు రౌటర్లకు మాత్రం మనిషి కనిపెట్టి చూస్తుండగా వరుసగా నెట్టడమే మేలు.

ఏ దారి పట్టినా, తప్పు ఆదేశం పరికరానికి వెళ్లే దారినే మూసివేయవచ్చనే ప్రమాదం ఉంటుంది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సంస్థ తన ప్రధాన నెట్‌వర్క్ నిర్వహణలో ఇచ్చిన ఒక ఆదేశం డేటా సెంటర్ల అనుసంధానాలన్నింటినీ తెంచింది; దాన్ని ఆపవలసిన తనిఖీ సాధనంలో లోపం ఉండటంతో సేవలు సుమారు ఆరు గంటలు నిలిచాయి. 2022 జులై 8న కెనడాలోని రోజర్స్ సంస్థలో ఒక వడపోత నియమాన్ని తొలగించడంతో కోటీ ఇరవై లక్షలకు పైగా ఖాతాదారులు సేవలు కోల్పోయారు. నిర్వహణ మార్గం కూడా అదే నెట్‌వర్క్ మీద ఆధారపడినందున సిబ్బందికే దారి దొరకలేదు. పరికరం ఎంపికలో అందుకే ఒక గుణాన్ని ధరకంటే ముందు చూడాలి: మార్పును తాత్కాలికంగా అమలుచేసి, నిర్ణీత వ్యవధిలో నిర్ధారణ అందకపోతే తనంతట తాను పాత స్థితికి మళ్లడం. జునిపర్ రౌటర్లలో ఈ వ్యవధి మామూలుగా 10 నిమిషాలు. ఈ గుణం లేని చవక పెట్టె మూగబోతే దాన్ని లేపడానికి ప్రతిసారీ ఒక మనిషి ప్రయాణం చేయాలి, ఆ ఖర్చు టెండరు ధరలో కనిపించదు.

నిలుపుదల సాంకేతికం కంటే మానవ సంబంధమైన విషయం. వేలం సాగుతుండగా ఒక పోర్టు పనిచేయకపోతే అక్కడున్న సాంకేతిక సిబ్బంది తీగను మరో పోర్టుకు మార్చి, ఆ పోర్టు వీలాన్‌ను చేత్తో దిద్దుతారు. రైతు బస్తాలతో ఎదురుచూస్తున్నప్పుడు అది సరైన పనే. రాత్రి కేంద్ర వ్యవస్థ టెంప్లేటును తిరిగి రుద్దితే మర్నాడు తూకం ఆగుతుంది. రుద్దకుండా వదిలేస్తే కొన్నేళ్లలో టెంప్లేటుకూ పరికరానికీ పొంతన ఉండదు. ఈ రెండింటి మధ్య న్యాయమైన ఏర్పాటు ఒకటుంది: స్థానిక మార్పును వ్యవస్థ గుర్తించి, గడువు తేదీతో మినహాయింపుగా నమోదు చేయాలి, గడువులోగా ఆ మార్పు విలువల ఫైలులోకి చేరాలి లేదా పరికరం పాత స్థితికి రావాలి. మార్పు చేసిన వ్యక్తిని తప్పుపట్టే పద్ధతి ఉన్నచోట మార్పులు ఆగవు, వాటిని చెప్పడం ఆగుతుంది. అందుకే ఈ నమోదు ఫోను నుంచి రెండు మాటల్లో పూర్తయ్యేంత సులువుగా ఉండాలి.

ఇప్పటికే నడుస్తున్న నెట్‌వర్క్‌ను టెంప్లేట్లలోకి తేవడానికి క్రమం కూడా ముఖ్యం. మొదట అన్ని పరికరాల ప్రస్తుత కాన్ఫిగరేషన్లను సేకరించి, గిట్ వంటి మార్పుల చరిత్రను దాచే వ్యవస్థలో ఉంచాలి. తర్వాత టెంప్లేట్లతో తయారైన పాఠ్యాన్ని వాటితో పోల్చి, ప్రతి తేడాకూ కారణం తెలిసేదాకా పరికరాలను ముట్టుకోకూడదు. ఆ తేడాల్లో సగం పొరపాట్లైతే సగం ఎవరో ఒక అవసరం కోసం చేసినవై ఉంటాయి, వాటిని చెరపకముందు ఆ అవసరాన్ని అడిగి తెలుసుకోవాలి. పాత్రకు ఒక పరికరం చొప్పున అమలుచేసి, కొన్నాళ్లు చూసి విస్తరించాలి. యార్డుకు పసుపు ముమ్మరంగా వచ్చే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు అత్యవసరమైతే తప్ప మార్పులు నిలిపివేయాలి. జూన్‌లో పసుపు నాటే పనులు మొదలై యార్డు పలచబడినప్పుడు ఈ పనికి వ్యవధి దొరుకుతుంది గాని, అది పిడుగుల కాలం కూడా కనుక ప్రతి పాత్రకూ టెంప్లేటు నింపి సిద్ధంచేసిన ఒక అదనపు పరికరం ఆర్మూర్‌లోనే ఉండేలా ముందే చూసుకోవాలి.